వీల్యాన్ ఇంటర్‌ఫేస్‌ల మీద ట్రాఫిక్ వర్గీకరణ, షేపింగ్: శ్రీకాకుళంలోని ఒక ఆసుపత్రి కేస్ స్టడీ

శ్రీకాకుళం పట్టణంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఇంటర్నెట్ ట్రాఫిక్‌ను విభాగాలవారీగా వర్గీకరించి, అప్‌లోడ్‌కూ డౌన్‌లోడ్‌కూ కట్టుదిట్టమైన షేపింగ్ (ఎవరి ప్యాకెట్లు ఎంత వేగంతో పోవాలో నియంత్రించడం) ఏర్పాటు చేసిన పనిని ఇక్కడ వివరిస్తున్నాను. ఆసుపత్రి పేరుగానీ, సర్వీసు ప్రొవైడర్ పేరుగానీ ఈ చర్చకు అవసరం లేదు. ఒకే తీగను ఐదారు వీల్యాన్లు (ట్యాగ్ నంబర్లతో విడదీసిన వేర్వేరు నెట్‌వర్కులు) పంచుకుంటూ, ఎవరి వాటా ఎంతో తేలక అందరూ ఇబ్బంది పడే పరిస్థితి నర్సింగ్‌హోములలోనూ కాలేజీలలోనూ తరచుగా కనిపిస్తుంది కాబట్టి, ఇక్కడ తీసుకున్న నిర్ణయాలూ వాటి వెనుక ఉన్న కారణాలూ ఇతరులకు కూడా పనికొస్తాయని నమ్ముతున్నాను.

ఈ ఆసుపత్రికి పట్టణం నుంచే కాక టెక్కలి, పలాస, ఇచ్ఛాపురం వైపు నుంచి కూడా రోగులు వస్తారు. ఉద్దానం గ్రామాల నుంచి డయాలసిస్‌కు వచ్చేవారు గణనీయంగా ఉంటారు. ఉదయం ఓపీ మొదలైనప్పటి నుంచి మధ్యాహ్నం వరకు బిల్లింగ్ కౌంటర్లు, ఆరోగ్యశ్రీ (2024 నుంచి డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ) ప్రీఆథరైజేషన్ కోసం పత్రాలు ఎక్కించే ఆరోగ్యమిత్ర టేబులు, ల్యాబ్ రిపోర్టులు అన్నీ ఒకేసారి నడుస్తాయి. సీటీ స్కాన్ బొమ్మలను చదివే రేడియాలజిస్ట్ విశాఖపట్నంలో ఉంటారు. కాబట్టి ప్రతి స్కానూ అప్‌లోడ్ కావాల్సిందే, అత్యవసర కేసుల్లో వెంటనే కావాలి. ఫిర్యాదు ఏమిటని అడిగినప్పుడు క్యాష్ కౌంటర్‌లో చాలా ఏళ్లుగా పనిచేస్తున్న ఆవిడ చెప్పిన మాట ఇది: “సీటీ వాళ్లు బొమ్మలు పంపినారంటే చాలు బాబూ, మా కౌంటరు నిలబడిపోతంది.” ఇంటర్నెట్ నెమ్మదిగా ఉందని మాత్రమే చెప్పే ఫిర్యాదుల కంటే ఈ మాట ఎంతో విలువైనది. సమస్య అప్‌లోడ్ వైపు ఉన్నదనీ, ఒక విభాగం పని మరో విభాగాన్ని ఆపుతున్నదనీ అందులోనే ఉంది.

నెట్‌వర్క్ అమరిక ఇలా ఉండేది. రెండు గిగాబిట్ కార్డులున్న ఒక లినక్స్ కంప్యూటర్ రూటర్‌గా పనిచేస్తుంది. బయటి కార్డు మీద ప్రొవైడర్ ఇచ్చిన వీల్యాన్ ట్యాగ్‌తో స్టాటిక్ ఐపీ వస్తుంది. ప్లాను ప్రకారం సెకనుకు డౌన్‌లోడ్ 100 మెగాబిట్లు, అప్‌లోడ్ 40 మెగాబిట్లు. లోపలి కార్డు నుంచి ఒకే ట్రంక్ తీగ (అన్ని వీల్యాన్లనూ కలిపి మోసేది) మేనేజ్డ్ స్విచ్‌కు వెళ్తుంది. ఆ ట్రంక్ మీద ఐదు వీల్యాన్లు ఉన్నాయి: 10వ నంబరు బిల్లింగ్, ఓపీ, ఆరోగ్యశ్రీ, 20 రేడియాలజీ, 30 ఐపీ ఫోన్లు, 40 సీసీ కెమెరాలు, 50 రోగుల బంధువుల కోసం పెట్టిన వైఫై.

ముందుగా లెక్క వేసుకోవాల్సింది సీటీ బొమ్మల బరువు. ఒక సీటీ స్లైసు 512 అడ్డం, 512 నిలువు పిక్సెళ్లతో, పిక్సెల్‌కు రెండు బైట్లతో, సుమారు అర మెగాబైటు ఉంటుంది. మూడు వందల స్లైసుల అధ్యయనం కుదింపు లేకుండా 157 మెగాబైట్లు, అంటే దాదాపు 1,260 మెగాబిట్లు. 40 మెగాబిట్ల తీగను పూర్తిగా ఇచ్చినా అది అర నిమిషానికి పైగా ఆ తీగను నింపేస్తుంది. ఛాతీ, పొట్ట కలిపి తీసిన స్కాన్లలో స్లైసులు ఇంకా ఎక్కువ కాబట్టి ఆ సమయం నిమిషాల్లోకి పోతుంది. ఆ సేపంతా ప్రొవైడర్ పెట్టిన పరికరంలోని బఫరు (ప్యాకెట్లు తాత్కాలికంగా ఆగే చోటు) నిండిపోయి, దాని వెనుక చేరిన ప్రతి ప్యాకెట్టూ తన వంతు కోసం నిలబడుతుంది. ఆ బఫరు ఒక మెగాబైటు ఉన్నదనుకుంటే, 40 మెగాబిట్ల వేగంతో అది ఖాళీ కావడానికి 200 మిల్లీసెకన్లు పడుతుంది. బిల్లింగ్ కౌంటర్‌లో ఒక పేజీ తెరుచుకోవడానికి సర్వరుతో ఎన్నోసార్లు ఇచ్చిపుచ్చుకోవాలి. ప్రతిసారీ ఈ ఆలస్యం కలిస్తే ఆపరేటరు కళ్లకు పేజీ ఆగిపోయినట్టే కనబడుతుంది.

ఇంటర్‌ఫేస్ కౌంటర్లను గమనించినప్పుడు మరో సంగతి తేలింది. అప్‌లోడ్‌ను నింపుతున్నది సీటీ ఒక్కటే కాదు. 50వ వీల్యాన్ నుంచి కూడా గంటల తరబడి స్థిరమైన అప్‌లోడ్ పోతోంది. వార్డుల్లో ఉన్న బంధువుల ఫోన్లు వైఫై దొరకగానే ఫొటోలనూ వీడియోలనూ వాటంతట అవే బ్యాకప్ చేసుకుంటాయి. వాళ్ల తప్పేమీ లేదు. ఆ సదుపాయం ఇచ్చింది ఆసుపత్రే. కానీ తలకు దెబ్బ తగిలిన రోగి సీటీ బొమ్మలు, పెళ్లి వీడియోలు ఒకే వరుసలో సమాన హోదాతో నిలబడకూడదు.

పాత అమరికలో షేపింగ్ లేకపోలేదు. మునుపటి కాంట్రాక్టరు లోపలి వీల్యాన్ ఇంటర్‌ఫేస్‌లు ఐదింటికీ విడివిడిగా హెచ్‌టీబీ (బ్యాండ్‌విడ్త్‌ను చెట్టులా క్లాసులుగా పంచే లినక్స్ క్యూ) తగిలించి, ఒక్కోదానికి 20 మెగాబిట్ల పరిమితి పెట్టారు. ఐదు ఇరవైలు వంద కాబట్టి కాగితం మీద లెక్క సరిపోయింది. పనిలో మాత్రం రెండు కారణాల వల్ల అది విఫలమైంది. మొదటిది, షేపింగ్ అనేది ఒక ఇంటర్‌ఫేస్ నుంచి బయటకు పోయే ప్యాకెట్ల మీదనే పనిచేస్తుంది. లోపలి వీల్యాన్ నుంచి బయటకు పోవడమంటే రోగుల బంధువుల ఫోన్లకో, కౌంటర్‌కో చేరడం, అంటే డౌన్‌లోడ్. అప్‌లోడ్‌కు అక్కడ ఏ అడ్డూ లేదు. రెండవది, ఐదు ఇంటర్‌ఫేస్‌ల మీద ఉన్న ఐదు హెచ్‌టీబీలు ఒకదానికొకటి పరిచయం లేని వేర్వేరు చెట్లు. హెచ్‌టీబీ గొప్పతనమంతా ఒక క్లాస్ వాడుకోని బ్యాండ్‌విడ్త్‌ను పక్క క్లాస్ అరువు తీసుకోవడంలో ఉంది, ఆ అరువు ఒకే చెట్టు కింద ఉన్న క్లాసుల మధ్యనే సాధ్యం. రాత్రి ఓపీ మూసేసి వంద మెగాబిట్లలో ఎనభై ఖాళీగా ఉన్నా, పాత స్కానును తెప్పించుకుంటున్న రేడియాలజీకి ఇరవైకి మించి దక్కేది కాదు. వంశధార కాలువలో నీటి పంపకం సరిచేయాలంటే తల మదుము దగ్గర చూడాలి. పిల్లకాలువలన్నిటికీ సమానమైన పలకలు బిగించినంత మాత్రాన, ఒక పొలం తడిసిపోయాక మిగిలిన నీరు ఎండిన పొలానికి పోదు.

ఈ కేసులో నేను తీసుకున్న నిర్ణయాలన్నీ ఒకే సూత్రం మీద నడిచాయి. ప్యాకెట్ ఎవరిదో తెలిసేది వీల్యాన్ గడప దగ్గర. దాన్ని ఆపి పంపాల్సింది అందరూ పంచుకునే తీగ దగ్గర. ఈ రెండూ వేర్వేరు చోట్లు. మొదటి చోట గుర్తు వేసి, రెండో చోట ఆ గుర్తును చదవాలి.

గుర్తు వేయడం

బయటికి పోయే చోట నిలబడి ప్యాకెట్‌ను చూస్తే అది ఏ వీల్యాన్ నుంచి వచ్చిందో తెలియదు. లోపలి ట్యాగ్ రూటర్‌లోకి రాగానే ఊడిపోతుంది, నాట్ (లోపలి చిరునామాలను పబ్లిక్ చిరునామాగా మార్చే ఏర్పాటు) వల్ల మూలం ఐపీ కూడా మారిపోతుంది. పోర్టు నంబర్లను నమ్ముకుందామంటే, వైద్య చిత్రాల ప్రమాణమైన డైకామ్‌కు 104, 11112 పోర్టులు కేటాయించి ఉన్నా, ఈ ఆసుపత్రి బొమ్మలను ఎన్‌క్రిప్ట్ చేసి 443 పోర్టు మీదుగానే పంపుతుంది, పంపాల్సిందీ అలాగే. ఆరోగ్యశ్రీ పోర్టలూ 443, యూట్యూబూ 443. కాబట్టి ఈ రోజుల్లో పోర్టు నంబరును బట్టి చేసే వర్గీకరణ ఇలాంటి చోట్ల దాదాపు నిరుపయోగమని నా అభిప్రాయం. వీల్యాన్ చెప్పే సంగతే నమ్మదగినది: ఆ తీగ ఏ గదిలోకి వెళ్తుందో స్విచ్ పోర్టును బట్టి మనమే నిర్ణయించాం, దాన్ని ఏ అప్లికేషనూ మార్చలేదు.

అందుకని లినక్స్‌లో ప్యాకెట్ల నియమాలు రాసే ఐపీటేబుల్స్‌లో, మాంగిల్ టేబుల్‌లోని ఫార్వర్డ్ చైన్‌లో (రూటర్ గుండా దాటిపోయే ప్యాకెట్లకు తగిలే నియమాల వరుస), 10వ వీల్యాన్ నుంచి వచ్చి బయటి ఇంటర్‌ఫేస్ వైపు పోయే కొత్త కనెక్షన్‌కు 10 అనే కనెక్షన్ మార్క్, 20 నుంచి వచ్చినదానికి 20, అలా ఐదింటికీ వేశాను. ఆ తర్వాత బయటికి పోయే ప్రతి ప్యాకెట్‌కూ, బయటి నుంచి వచ్చే ప్రతి ప్యాకెట్‌కూ ఆ కనెక్షన్ మార్క్‌ను ప్యాకెట్ మార్క్‌గా దించే నియమం ఒకటి. కనెక్షన్ ట్రాకింగ్ నాట్‌కు ముందూ వెనకా ఉన్న చిరునామాలు రెండింటినీ గుర్తుంచుకుంటుంది కాబట్టి, తిరుగు ప్యాకెట్ పబ్లిక్ ఐపీకి వచ్చినా అది ఏ విభాగానిదో కచ్చితంగా తెలిసిపోతుంది. ఒకే గుర్తు రెండు దిశలకూ సరిపోతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. లోపలి వీల్యాన్ల మధ్య తిరిగే ట్రాఫిక్‌కు ఈ గుర్తు పడకూడదు. డాక్టర్ గదిలోని కంప్యూటర్ 10వ వీల్యాన్‌లో ఉండి, 20లో ఉన్న ప్యాక్స్ సర్వర్ (స్కాన్లను భద్రపరిచేది) నుంచి స్కాను తెరిస్తే, అది ఇంటర్నెట్‌కు సంబంధం లేని పని. నియమాలన్నిటికీ బయటి ఇంటర్‌ఫేస్ అనే షరతు పెట్టడం అందుకే. స్థానిక ట్రాఫిక్‌కు మార్క్ సున్నాగానే మిగులుతుంది. అలాగే రూటర్‌లో ఫ్లో ఆఫ్‌లోడ్ ఉంటే ఆపేయాలి. అది స్థిరపడిన కనెక్షన్లను ఫార్వర్డ్ చైన్‌కు తగలనివ్వకుండా పక్కదారిన పంపుతుంది, దాంతో మొదటి కొన్ని ప్యాకెట్లకు తప్ప గుర్తు పడదు.

ప్యాకెట్‌లోనే ఉండే డీఎస్‌సీపీ అనే ప్రాధాన్యపు గుర్తును 30వ వీల్యాన్‌లో తప్ప ఎక్కడా నమ్మలేదు. ఫోన్ పరికరాలు మాటల ప్యాకెట్లకు 46 అనే విలువ వేసి పంపుతాయి, దాన్ని అలాగే ఉంచాను. వైఫైలో చేరిన ఏ ఫోనైనా అదే విలువ వేసుకుని రాగలదు కనుక మిగతా వీల్యాన్ల నుంచి వచ్చేవాటిని గడప దగ్గరే సున్నా చేశాను.

అప్‌లోడ్ చెట్టు

బయటి కార్డు మీద అప్పటికి ప్రొవైడర్ వీల్యాన్ ఒక్కటే ఉంది కాబట్టి అక్కడ వీల్యాన్ ఇంటర్‌ఫేస్ మీదనే చెట్టు నాటవచ్చు. మామూలుగా వీల్యాన్ ఇంటర్‌ఫేస్‌కు సొంత క్యూ ఉండదు. ప్యాకెట్ దాని గుండా నేరుగా కింది కార్డు క్యూలోకి జారిపోతుంది. మనం హెచ్‌టీబీని తగిలిస్తేనే అక్కడ ప్యాకెట్ ఆగుతుంది. పాత కెర్నెళ్లలో ఇలా తగిలించేటప్పుడు ఇంకో చిక్కు ఉండేది: ఇంటర్‌ఫేస్ క్యూ పొడవు సున్నా అని రాసి ఉండటం వల్ల, ప్రతి క్లాస్ కింద తనంతట ఏర్పడే సాదా క్యూ ఒకే ఒక్క ప్యాకెట్‌కు కుంచించుకుపోయి, ప్యాకెట్లు కారణం లేకుండా రాలిపోయేవి. ప్రతి ఆకు క్లాస్ (చెట్టులో చివరి క్లాస్) కింద క్యూను మనమే స్పష్టంగా పెట్టుకుంటే ఏ కెర్నెల్‌లోనైనా ఈ బాధ ఉండదు.

చెట్టు వేరుకు 37 మెగాబిట్లు ఇచ్చాను. ప్లానులోని 40 కంటే తక్కువ ఇవ్వడం చూసి ఆసుపత్రి మేనేజరు, డబ్బు కట్టిన వేగంలో మూడు మెగాబిట్లు ఎందుకు వదులుకోవాలని అడిగారు. ఆ ప్రశ్న న్యాయమైనది. ప్యాకెట్లు ఎక్కడ బారులు తీరతాయో అక్కడే ఎవరు ముందో నిర్ణయించగలం. మన పరిమితి ప్రొవైడర్ పరిమితి కంటే కాస్త తక్కువగా ఉంటేనే ఆ బారు మన రూటర్‌లో ఏర్పడుతుంది; సమానంగానో ఎక్కువగానో ఉంటే అది మన చేతిలో లేని పరికరంలో ఏర్పడుతుంది. ఆ మూడు మెగాబిట్లు అధికారం మన దగ్గర ఉంచుకోవడానికి చెల్లించే ధర.

వేరు కింద హామీలు ఇలా పంచాను: ఫోన్లకు 2, బిల్లింగ్‌కు 10, రేడియాలజీకి 15, కెమెరాలకు 4, వైఫైకి 3, రూటర్ సొంత ట్రాఫిక్‌కు 3. మొత్తం 37. పిల్లల హామీల మొత్తం తల్లి హామీని మించితే హెచ్‌టీబీ అభ్యంతరం చెప్పదు, కానీ హామీ అనే మాటకు అర్థం పోతుంది. గరిష్ఠ పరిమితిగా బిల్లింగ్‌కూ రేడియాలజీకీ పూర్తి 37 ఇచ్చాను. వైఫైకి 15, కెమెరాలకు 10, ఫోన్లకు 4 వరకే. రేడియాలజీకి ఎవరూ అడ్డు లేనప్పుడు మూడు వందల స్లైసులు 34 సెకన్లలో పోతాయి. అందరూ మీద పడినప్పుడు కూడా 15 మెగాబిట్ల హామీతో 84 సెకన్లలో పోతాయి. అత్యవసర స్కాను ఎంతసేపట్లో చేరుతుందో డాక్టర్లకు ఒక కచ్చితమైన పైహద్దు చెప్పగలగడం ఈ పనిలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచింది.

ఫోన్ల హామీ లెక్క కూడా చెప్పాలి. మాటను డిజిటల్‌గా మార్చే జీ 711 కోడెక్‌తో ఇరవై మిల్లీసెకన్లకు ఒక ప్యాకెట్ చొప్పున సెకనుకు యాభై ప్యాకెట్లు పోతాయి. ఒక్కోదానిలో మాట 160 బైట్లు, హెడర్లు ఆర్‌టీపీ 12, యూడీపీ 8, ఐపీ 20, మొత్తం 200. దానికి ఈథర్‌నెట్ హెడరు 14, వీల్యాన్ ట్యాగ్ 4, చివరి సరిచూపు 4 కలిపితే 222 బైట్లు, అంటే కాల్‌కు ఒక దిశలో 88.8 కిలోబిట్లు. రెండు మెగాబిట్లలో ఒకేసారి 22 కాల్స్ పడతాయి, ఈ ఆసుపత్రికి అది చాలినంత. గమనించాల్సిందేమిటంటే వీల్యాన్ ఇంటర్‌ఫేస్ మీద ఉన్న హెచ్‌టీబీకి ట్యాగ్‌లోని నాలుగు బైట్లూ, సరిచూపులోని నాలుగూ కనబడవు. అది 214 అనే లెక్కవేస్తుంది. పెద్ద ప్యాకెట్ల విషయంలో ఈ తేడా పట్టించుకోనక్కర్లేదు, చిన్న ప్యాకెట్లు ఎక్కువైనప్పుడు మాత్రం పోగవుతుంది కాబట్టి ఓవర్‌హెడ్ 8 అని చెప్పి సరిచేశాను.

రూటర్ సొంత ట్రాఫిక్‌కు విడిగా 3 మెగాబిట్లు ఇచ్చి, దాన్ని బిల్లింగ్‌తో సమానమైన ప్రాధాన్యంలో ఉంచడానికి కారణం ఉంది. ఏ గుర్తూ లేని ప్యాకెట్లు పోయే డిఫాల్ట్ క్లాస్ ఇదే. గేట్‌వే చిరునామా కోసం వేసే ఏఆర్‌పీ ప్రశ్నలు ఇందులోకే వస్తాయి. ఆసుపత్రి మొత్తానికి డీఎన్‌ఎస్ (వెబ్‌సైటు పేరుకు చిరునామా చెప్పే సేవ) సమాధానాలు తెచ్చేది రూటరే కాబట్టి ఆ ప్రశ్నలూ రూటర్ సొంతవిగా, ఫార్వర్డ్ చైన్ తగలకుండా, ఇందులోకే వస్తాయి. డిఫాల్ట్ అంటే పనికిరానివి పడేసే చోటని భావించి దాన్ని అట్టడుగున ఉంచే అమరికలు చాలా చూశాను. అక్కడ ప్రతి విభాగానికీ మంచి హామీ ఉన్నా పేజీలు మాత్రం నెమ్మదిగా తెరుచుకుంటాయి, ఎందుకంటే పేరుకు చిరునామా దొరకడమే ఆలస్యమవుతుంది.

హెచ్‌టీబీలో ఎక్కువమంది చూడని అంకె క్వాంటం. సమాన ప్రాధాన్యం ఉన్న క్లాసులు మిగులు బ్యాండ్‌విడ్త్ కోసం వంతులు వేసుకున్నప్పుడు, ఒక వంతులో ఎన్ని బైట్లు పంపవచ్చో అది చెబుతుంది. మనం ఏమీ చెప్పకపోతే, సెకనుకు బైట్లలో ఉన్న హామీని పదితో భాగించి అదే తీసుకుంటుంది. బిల్లింగ్ హామీ 10 మెగాబిట్లు కాబట్టి దాని క్వాంటం 1,25,000 బైట్లు. 37 మెగాబిట్ల తీగ మీద ఆ వంతు పూర్తికావడానికి 27 మిల్లీసెకన్లు. అంతసేపూ పక్కనున్న డీఎన్‌ఎస్ ప్రశ్న ఆగుతుంది. రెండు లక్షలు దాటితేనే కెర్నెల్ హెచ్చరిక రాస్తుంది కనుక ఇది లాగ్‌లో కూడా కనబడదు. ప్రతి ఆకు క్లాస్‌కూ క్వాంటం 1,514 అని స్పష్టంగా రాశాను.

ఆకుల కింద ఎఫ్‌క్యూ కోడెల్ అనే క్యూ పెట్టాను. 2012 నుంచి లినక్స్ కెర్నెల్‌లో ఉన్నది, 2018లో ఆర్‌ఎఫ్‌సీ 8290 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంగా వెలువడినది. ఒకే విభాగంలో పెద్ద అప్‌లోడ్ ఒకటి, చిన్న పేజీ ఒకటి నడుస్తుంటే చిన్నదాన్ని పెద్దదాని వెనుక నిలబెట్టదు. క్యూలో నిరీక్షణ 5 మిల్లీసెకన్ల పైన నిలదొక్కుకుంటే ప్యాకెట్లు వదిలి, పంపేవారికి నెమ్మదించమని సూచిస్తుంది. దాని అంకెలు వేటినీ మార్చలేదు.

కేక్ అనే కొత్త క్యూ 4.19 కెర్నెల్ నుంచి ఉంది, చిన్న ఆఫీసులకూ ఇళ్లకూ నేను దాన్నే సిఫారసు చేస్తాను. ఇక్కడ వాడకపోవడానికి కారణం, ఫలానా వీల్యాన్‌కు ఇన్ని మెగాబిట్లు అని పేరు పెట్టి హామీ ఇవ్వడం దాని స్వభావం కాదు.

ఆఖరుగా కార్డుల సౌకర్యాల సంగతి. సీటీ కంప్యూటర్ పంపిన ప్యాకెట్లను లోపలి కార్డు దగ్గర కెర్నెల్ ఒకటిగా కట్టి, 64 కిలోబైట్ల వరకు పెద్ద మూటలుగా చేసి ముందుకు పంపుతుంది. హెచ్‌టీబీ ఆ మూటను విప్పదు. మూటనే ఒక ప్యాకెట్‌గా చూస్తుంది. 37 మెగాబిట్ల తీగ మీద అలాంటి మూట ఒక్కటి పోవడానికి 14 మిల్లీసెకన్లు పడుతుంది, విడి ప్యాకెట్‌కైతే ఒక మిల్లీసెకనులో మూడో వంతే. మాటల ప్యాకెట్‌కు ఎంత ప్రాధాన్యం ఇచ్చినా, అప్పటికే తీగ మీదకు ఎక్కిన మూట దిగేదాకా ఆగక తప్పదు. అందుకే ఇలా మూటలు కట్టే సౌకర్యాలైన జీఆర్ఓ, జీఎస్ఓ, టీఎస్ఓ మూడింటినీ రెండు కార్డుల మీదా ఆపేశాను. ఇంత తక్కువ వేగాల దగ్గర ప్రాసెసరుకు దాని వల్ల పడే అదనపు భారం లెక్కలోకి రాదు.

డౌన్‌లోడ్ చెట్టు

ఈ కేసులో అసలైన చిక్కు ఇక్కడే ఉంది. డౌన్‌లోడ్‌ను లోపలి వైపు బయటికి పోయే చోట షేప్ చేయాలి. ఐదు వీల్యాన్లూ ఒకే చెట్టు కిందకు రావాలంటే వీల్యాన్ ఇంటర్‌ఫేస్‌లను వదిలి, వాటన్నిటి కింద ఉన్న అసలు కార్డు మీద చెట్టు నాటాలి. మునుపటి కాంట్రాక్టరుకు ఈ ఆలోచన వచ్చింది. పాత స్క్రిప్టులో ఆ వరుసలు కామెంటు చేసి ఉన్నాయి. అవి ఎందుకు పనిచేయలేదో బల్ల మీద పెట్టిన పరీక్ష రూటర్‌లో చూశాను. క్లాసుల గణాంకాలను సెకనుకోసారి తెర మీద చూపించే ఆదేశం ఇచ్చి, ఒక కంప్యూటర్ నుంచి పెద్ద ఫైలు దించుకుంటే, బిల్లింగ్ క్లాస్ ఎదుట సున్నా బైట్లు, రేడియాలజీ ఎదుట సున్నా, వైఫై ఎదుట సున్నా. డిఫాల్ట్ క్లాస్ ఎదుట మాత్రం అంకె పరుగెడుతోంది. ఫిల్టర్లలో ఒక్కటీ ఒక్క ప్యాకెట్‌నూ పట్టుకోలేదు.

కారణం ఇది. ఆ ఫిల్టర్లు ఐపీ ప్రోటోకాల్ ప్యాకెట్లకోసం రాసినవి. వీల్యాన్ ఇంటర్‌ఫేస్ మీద నిలబడి చూస్తే ప్యాకెట్ ఐపీ ప్యాకెట్టే. కానీ అది కింది కార్డుకు చేరేసరికి ట్యాగ్ తగులుతుంది, దాని ప్రోటోకాల్ 802.1క్యూ (వీల్యాన్ ట్యాగ్ ప్రమాణం) అవుతుంది, ఐపీ కోసం వెతికే ఫిల్టరు దాన్ని చూడనైనా చూడదు. అక్కడ ఫిల్టరు రాయాలంటే 802.1క్యూ అని చెప్పి, వీల్యాన్ నంబరును గుర్తించగల ఫ్లవర్ ఫిల్టరు వాడాలి. లేదా అన్ని ప్రోటోకాళ్లకూ వర్తించేలా మార్క్‌ను చదివే ఫిల్టరు వాడాలి. మనం గడప దగ్గరే మార్క్ వేసుకున్నాం, అది ట్యాగ్ తగిలినా, ఇంటర్‌ఫేస్ మారినా, రూటర్ లోపల ఉన్నంతవరకు ప్యాకెట్‌తోనే ఉంటుంది. కాబట్టి రెండో మార్గమే తీసుకున్నాను. ఫిల్టర్లను అలా మార్చి అదే ఫైలును మళ్లీ దించగానే బిల్లింగ్ ఎదుట ఉన్న సున్నా కదిలింది.

ట్రంక్ కార్డు మీద చెట్టుకు వేరు 900 మెగాబిట్లు. దాని కింద రెండు పెద్ద కొమ్మలు: స్థానిక ట్రాఫిక్‌కు 800, ఇంటర్నెట్‌కు 92. స్థానిక కొమ్మ 900 వరకు పోవచ్చు. ఇంటర్నెట్ కొమ్మ 92కు ఒక్క బిట్టు కూడా మించదు. విభాగాల క్లాసులన్నీ ఈ రెండో కొమ్మ కింద ఉంటాయి. మార్క్ లేని ప్యాకెట్లు డిఫాల్ట్‌గా స్థానిక కొమ్మలోకి పోతాయి. దాంతో ప్యాక్స్ సర్వర్ నుంచి డాక్టర్ గదికి పోయే స్కాన్లు, కెమెరా రికార్డింగులు, ఏఆర్‌పీ, డీహెచ్‌సీపీ (పరికరాలకు ఐపీ చిరునామాలు పంచేది) వేటికీ ఇంటర్నెట్ పరిమితి తగలదు.

ఇదే పనిని బయటి ఇంటర్‌ఫేస్‌లోకి వచ్చే ప్యాకెట్లను ఐఎఫ్‌బీ అనే కల్పిత పరికరానికి మళ్లించి కూడా చేయవచ్చు. అయితే ఆ మళ్లింపు నెట్‌ఫిల్టర్ (ఐపీటేబుల్స్ నియమాలను నడిపే కెర్నెల్ భాగం) కంటే ముందే జరుగుతుంది; అప్పటికి మార్క్ దిగదు, నాట్ విప్పబడదు, గమ్యం ఆసుపత్రి పబ్లిక్ ఐపీ ఒక్కటే. కనెక్షన్ మార్క్‌ను ముందే దించే యాక్షన్ టీసీలో (లినక్స్ షేపింగ్ ఆదేశం) ఉంది, దాన్ని జతచేస్తే ఆ దారీ చక్కగా పనిచేస్తుంది. నేను ట్రంక్‌నే ఎంచుకోవడానికి కారణం, ఆ తీగ కూడా పంచుకునే తీగే. పాత స్కాన్లు పెద్దయెత్తున తెరిచినప్పుడు ఇంటర్నెట్ ట్రాఫిక్ దానివల్ల నలగకుండా అక్కడే చూసుకోవచ్చు. లోపలి ట్రాఫిక్ గిగాబిట్‌కు దగ్గరగా నిరంతరం నడిచే చోట మాత్రం ఐఎఫ్‌బీయే మేలు.

డౌన్‌లోడ్ షేపింగ్‌కు ఉన్న హద్దు కూడా యాజమాన్యానికి చెప్పాను. అప్పటికే తీగ దాటి వచ్చిన ప్యాకెట్లను మనం ఆపుతున్నాం. పంపేవారు ఆ ఆలస్యాన్నీ నష్టాన్నీ గమనించి నెమ్మదిస్తేనే ఫలితం. టీసీపీ, క్విక్ అనే రవాణా ప్రోటోకాళ్లు నెమ్మదిస్తాయి. పట్టించుకోకుండా కురిపించే దాన్ని ఇక్కడి నుంచి ఆపలేం. వందలో ఎనిమిది మెగాబిట్లు వదలడం ఆ సర్దుబాటు జరిగే వ్యవధి కోసమే.

స్విచ్ వైపు ఒక్క పని మిగిలింది. 802.1క్యూ ట్యాగ్‌లో పన్నెండు బిట్లు వీల్యాన్ నంబరుకు, మూడు బిట్లు ప్రాధాన్యానికి ఉంటాయి. మాటకు వాడే విలువ 5. లినక్స్ ఆ మూడు బిట్లను ప్యాకెట్ అంతర్గత ప్రాధాన్యం నుంచి, వీల్యాన్ ఇంటర్‌ఫేస్‌కు ఇచ్చిన పట్టిక ప్రకారం నింపుతుంది. పట్టిక ఇవ్వకపోతే అన్నీ సున్నాలే. ఫోన్ల ప్యాకెట్లకు ఫార్వర్డ్ చైన్‌లో అంతర్గత ప్రాధాన్యం 6 వేసి, 30వ వీల్యాన్‌లో 6ను 5గా మార్చే పట్టిక పెట్టాను. హెచ్‌టీబీ క్లాస్‌ను నేరుగా నిర్దేశించే క్లాసిఫై నియమం కూడా ఇదే అంతర్గత ప్రాధాన్యపు గడిలోనే రాస్తుంది. రెండు పనులకూ దాన్నే వాడితే ఒకటి రెండోదాన్ని చెరిపేస్తుంది. క్లాస్ ఎంపికకు మార్క్, ట్యాగ్‌కు ప్రాధాన్యం అని విడదీసుకోవడం వల్ల ఆ గొడవ రాలేదు.

పరీక్షా, ఫలితమూ

ఓపీ రద్దీ వేళలోనే పరీక్షించాలని పట్టుబట్టాను. రోగి వివరాలు లేని నమూనా సీటీ అధ్యయనాన్ని విశాఖకు పంపుతూ, వైఫై మీద రెండు ఫోన్ల నుంచి వీడియోలు అప్‌లోడ్ చేస్తూ, అదే సమయంలో ఒక బయటి కాల్ మాట్లాడుతూ, ప్రొవైడర్ గేట్‌వేకు పింగ్ నడిపాం. పాత అమరికలో ఈ స్థితిలో పింగ్ వందల మిల్లీసెకన్లకు ఎగబాకేది, కాల్‌లో మాట తెగిపోయేది. కొత్త అమరికలో పింగ్ ఖాళీ తీగ మీద ఉండే విలువకు కొద్ది మిల్లీసెకన్ల పైన నిలిచింది, మాట తెగలేదు. ఆరోగ్యమిత్ర టేబులు దగ్గర ఒక పత్రం ఎక్కుతుండగానే సీటీ పోతూ ఉంది, రెండూ ఆగలేదు. వైఫై అప్‌లోడ్ 3 మెగాబిట్లకు కుదించుకుపోయి, సీటీ పూర్తికాగానే మళ్లీ 15కు లేచింది; ఆ ఎత్తుపల్లాలు తెర మీద కనబడుతుంటే హెచ్‌టీబీ అరువు ఎలా నడుస్తుందో ఆసుపత్రి సిస్టమ్స్ విభాగంలోని కుర్రవాడికి వేరే వివరణ అవసరం లేకపోయింది.

తుపాను కాలం గురించి విడిగా ఆలోచించాల్సి వచ్చింది. 2018 అక్టోబరులో తిత్లీ ఈ జిల్లా తీరాన్ని తాకినప్పుడు కరెంటు స్తంభాలు ఎలా కూలాయో ఇక్కడ అందరికీ తెలుసు. స్తంభాల మీద సాగే ఫైబరుకు కూడా అదే గతి. అందుకని బయటి కార్డు మీదనే మరో వీల్యాన్ ద్వారా ఒక 4జీ రూటర్‌ను జోడించారు. తీగ తెగి ట్రాఫిక్ దాని మీదకు మారినప్పుడు 37 అనే అంకెకు అర్థం ఉండదు. ఆ ఇంటర్‌ఫేస్‌కు వేరే చెట్టు ఉంది: వేరు 5 మెగాబిట్లు, ఫోన్లు, బిల్లింగ్, రేడియాలజీ, రూటర్ సొంత ట్రాఫిక్ మాత్రమే, కెమెరాలకూ వైఫైకీ ఫార్వర్డ్ చైన్‌లోనే దారి మూసుకుంటుంది. డౌన్‌లోడ్ కొమ్మను కూడా అదే స్క్రిప్టు 92 నుంచి 10కి దించుతుంది. ఆ 5 మెగాబిట్లు 4జీలో ఎప్పుడూ దొరుకుతాయని కాదు, కాబట్టి అక్కడ బారు కొన్నిసార్లు మన చేతిలో ఉండదు. అయినా మూడు వందల స్లైసులకు పూర్తి 5 ఇచ్చినా నాలుగు నిమిషాలకు పైగా పట్టే చోట, బంధువుల వీడియోలకు చోటు ఇవ్వడం కుదరదని యాజమాన్యమూ నేనూ ఏకాభిప్రాయానికి వచ్చాం.

అప్‌లోడ్‌ను వంద మెగాబిట్లకు పెంచుకునే ఆలోచనలో ఆసుపత్రి ఉంది, రెండో స్కానింగ్ యంత్రం కూడా రాబోతోంది. అప్పుడు మార్చాల్సిన అంకెలను స్క్రిప్టు మొదట్లోనే ఒకచోట ఉంచాను. వేరు 37 నుంచి 93కు, రేడియాలజీ హామీ 15 నుంచి 50కి, బిల్లింగ్ 10 నుంచి 20కి పోతాయి. కాల్స్ సంఖ్య పెరగదు కాబట్టి ఫోన్ల రెండు మెగాబిట్లు అలాగే ఉంటాయి. వైఫై హామీ కూడా 3 దగ్గరే ఉంటుంది. దాని గరిష్ఠ పరిమితిని మాత్రం 40 వరకు పెంచవచ్చని రాసిపెట్టాను.